ఏరియేటర్ మోతలో మాటలు: ఒక కేసు వివరం

తండ్రి కుర్చీలో కూర్చోకముందే ఎమ్మారై ఫిల్ముల కవరు నా బల్ల మీద పెట్టాడు. వానకి తడవకుండా దాన్ని యూరియా సంచిలో చుట్టి తెచ్చాడు. "కాకినాడలో తీయించామండి. ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే వీడెందుకిలా ఉన్నాడండి? ఉంటే మరి ఫిల్ములో ఎందుకు కనపడలేదండి?" అన్నాడు. పక్కన కొడుకు, 23 ఏళ్లవాడు, నా వైపు చూడకుండా గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను వైపు చూస్తున్నాడు. తల్లి నిలబడే ఉంది.

నేను మానసిక వైద్యుణ్ని. కుర్రాడి జబ్బు స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు బలపడటం లాంటివి ఉండే మానసిక జబ్బు. ఆ రెండు ప్రశ్నలకీ సరైన జవాబు చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మధ్యలో ఒక తప్పు కూడా చేశాను. కుర్రాడూ తల్లిదండ్రులూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, కుటుంబం, చెరువు వివరాలు గుర్తుపట్టే వీల్లేకుండా మార్చాను. కోనసీమలో ఏటి అవతల ఒక లంక ఊరనుకోండి. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దాటి, ఆటో ఎక్కి నా క్లినిక్‌కి రావడానికి వాళ్లకి రెండు గంటలు పడుతుంది.

రొయ్యలు పోయిన రాత్రి

ఇంటికి కాస్త కొబ్బరితోట, కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు ఉన్నాయి. కుర్రాడు డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చాడు. ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకని తండ్రి రాత్రి కాపలా అప్పజెప్పాడు. వనామీ రకం రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా అంటే ముఖ్యంగా ఏరియేటర్ల కాపలా, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాల కాపలా. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటిపడ్డాక అదే నాచు ఆక్సిజన్ తాగుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ వేళకి కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వెయ్యాలి. రొయ్య పెరిగి, చెరువు నిండుగా ఉన్నప్పుడు గంటసేపు ఏరియేటర్లు ఆగినా పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

డెబ్బయ్యో రోజు రాత్రి కరెంటు పోలేదు. కుర్రాడే మూడు గంటలకి వరసగా స్విచ్చులన్నీ కట్టేసి, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. తెల్లారేసరికి రొయ్యలు అంచులకొచ్చి తేలాయి. తండ్రి చేయి చేసుకున్నాడు. నిద్రపోయాడన్నారు, తాగాడన్నారు, గంజాయి అన్నారు. "ఎందుకు ఆపావురా" అంటే వాడు చెప్పింది ఒకటే మాట: "కాసేపు ఊరుకుంటారని." ఎవరు ఊరుకుంటారో చెప్పలేదు. అక్కణ్నుంచి చేతబడి అన్నారు, ఎవరో తాయెత్తు కట్టారు. అది ఇప్పటికీ ఉంది. తీసెయ్యమని నేనెప్పుడూ అనలేదు. దాని మానాన అది ఉంటుంది, మాత్ర దాని పని అది చేస్తుంది.

తల్లిని విడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి అంతకు ఏడాది ముందే మొదలైందని తెలిసింది. ముందు స్నేహితులు తగ్గారు. తర్వాత స్నానం తగ్గింది. ఫోనులోంచి సిమ్ము తీసి బియ్యం డబ్బాలో దాచాడు. మేత బస్తా మీద అచ్చేసిన బ్యాచ్ నంబరు తనకోసమే వేశారని, అందులో ఏదో తేదీ ఉందని, ఖాళీ సంచులు కాల్చనివ్వకుండా పేర్చి పెట్టాడు. తల్లి తమ్ముడొకాయన పాతికేళ్ల వయసులో ఇల్లు వదిలి వెళ్లిపోయాడట, మళ్లీ రాలేదట. ఈ సంగతి ఆవిడ మూడోసారి వచ్చినప్పుడు గానీ చెప్పలేదు, అది కూడా భర్త బయటికి వెళ్లాక. ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉంది. సంబంధాలు చెడతాయని భయం.

గంజాయి సంగతి కూడా తేల్చుకోవాలి కాబట్టి మూత్ర పరీక్ష చేయించాను, నెగెటివ్. కాలేజీలో రెండు మూడుసార్లు తాగానని తనే చెప్పాడు. రక్తం, థైరాయిడ్, బీ12, హెచ్‌ఐవీ, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష) అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక ప్రత్యేకమైన శబ్దం తగిలినప్పుడే అనుభవం వస్తోందంటే (ఆ సంగతి కింద చెబుతాను) టెంపోరల్ లోబ్ మూర్ఛ, అంటే కణతల లోపలి మెదడు భాగంలో పుట్టే మూర్ఛ, అయ్యే అవకాశం మనసులో ఉంచుకోవాలి. అందుకని రాత్రి నిద్ర లేకుండా ఉంచి ఈఈజీ (మెదడులోని విద్యుత్ అలల పరీక్ష) తీయించాను, అందులోనూ ఏమీ లేదు. జ్వరం, ఫిట్స్, ఒళ్లు మెలికలు తిరగడం, మాట పడిపోవడం లాంటివి ఉంటే మెదడు వాపు కోసం వెతికేవాణ్ని. ఏడాదికి పైగా నెమ్మదిగా వచ్చిన ఈ కథకి అది పొసగదు.

ఎగ్జాస్ట్ ఫ్యాను

రెండోసారి వచ్చినప్పుడు కుర్రాడు నోరు విప్పాడు. ఇద్దరు మగాళ్లు. ఎవరో తెలియదు. అతనితో మాట్లాడరు, అతని గురించి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. "లేచాడు చూడు." "గట్టెక్కాడు." "సంచి తీస్తాడిప్పుడు." క్రికెట్ కామెంటరీ లాగా. అది ఏరియేటర్ తిరుగుతున్నప్పుడే.

"ఏరియేటర్ చప్పుడే మాటల్లాగా అనిపిస్తుందా?" అని అడిగాను.

"లేదు సార్. దాని మోత దానిదే. టపటపమని వినపడుద్ది. దాని మీద వీళ్ల మాటలు వేరే. మోత ఆగిపోతే వీళ్లూ ఆగిపోతారు."

ఈ తేడా చిన్నది కాదు. రైలు చప్పుడులో పాట వినపడటం మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. అక్కడ చప్పుడే పాటగా మారిపోతుంది. ఇక్కడ చప్పుడు చప్పుడుగానే ఉంది, దాన్ని ఆనుకుని ఇంకో గొంతు పుట్టింది. రెండూ ఒకేసారి, విడివిడిగా. దీన్ని ఫంక్షనల్ హాలూసినేషన్ అంటారు. స్కిజోఫ్రీనియాలో గొంతులు వినిపించే చాలామందికి అవి నిశ్శబ్దంలోనూ వస్తాయి. ఇలా బయటి శబ్దానికి కట్టుబడి రావడం అరుదు. నా ప్రాక్టీసులో ఇది మూడోది.

లేచి వెళ్లి ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాను. పాత ఫ్యాను, గట్టిగా మోగుతుంది. ఎవరం మాట్లాడలేదు. అర నిమిషం కాకముందే అతని మెడ కొద్దిగా పక్కకి వంగింది.

"వచ్చారా?"

"వచ్చారు సార్. 'డాక్టరు ఫ్యానేశాడు' అంటున్నాడు ఒకడు. రెండోవాడు నవ్వుతున్నాడు."

నేను చూసింది అతని పెదవుల్ని. జపం చేసుకునేవాళ్ల పెదవుల్లా, పట్టి చూస్తే తప్ప తెలియనంతగా కదులుతున్నాయి. బల్ల మీద ఆ రోజు పేపరుంటే ఇచ్చి, ఏదో ఒకటి పైకి చదవమన్నాను. కొబ్బరి ధర వార్త చదివాడు. చదువుతున్నంతసేపూ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆపి, "ఇప్పుడూ?" అంటే ఆశ్చర్యంగా చూశాడు. "చదివేటప్పుడు రాలేదు సార్. ఆపగానే వచ్చారు." ఫ్యాను కట్టేశాను. పోయారు.

క్లినిక్‌లో పది నిమిషాల్లో, ఒక పాత ఫ్యానుతో, ఈ జబ్బు గురించి పరిశోధకులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్న విషయం కళ్లముందు కనపడింది. అందుకే ఇంత వివరంగా రాశాను.

మనం మాట్లాడేటప్పుడు మెదడులో మాటను తయారుచేసే భాగం, వినే భాగానికి ఒక కబురు పంపుతుంది: ఇప్పుడు రాబోయేది మన గొంతే, పట్టించుకోకు అని. పైకి మాట్లాడినా, మనసులో అనుకున్నా అంతే. ఈఈజీలో దీన్ని చూడొచ్చు. శబ్దం చెవిన పడ్డ సెకనులో పదో వంతుకి ఒక అల లేస్తుంది. మామూలుగా సొంత గొంతుకి ఆ అల చిన్నదవుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఆ తగ్గడం తక్కువ. కబురు సరిగ్గా అందడం లేదన్నమాట. అప్పుడు సొంత ఆలోచనే, ఎవరిదో తెలియని గొంతై వినపడుతుంది.

గొంతులు వినిపిస్తున్న సమయంలో మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూసినవాళ్లూ ఉన్నారు. 1993లో లండన్ బృందమొకటి చేసిన స్కానుల్లో బ్రోకా ప్రాంతం, అంటే ఎడమవైపు మాటను తయారుచేసే చోటు, చురుగ్గా కనిపించింది. 1999లో ఇంకో బృందం ఫంక్షనల్ ఎమ్మారైలో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాను) హెష్ల్ మడత వెలగడం చూసింది. బయటి శబ్దాన్ని మెదడు మొదట అందుకునే చోటు అది. కాబట్టి "వినపడుతోంది" అని రోగి అంటే నిజంగానే వినపడుతోంది. బయట మనిషి లేడు, అంతే. ఈ ఒక్క మాట తండ్రికి చెప్పినప్పుడు ఆయన మొహం మారింది. అప్పటిదాకా కొడుకు అబద్ధమాడుతున్నాడనో, వేషాలేస్తున్నాడనో ఆయన లోపల అనుకుంటున్నాడు.

అయితే ఏరియేటరే ఎందుకు? నాకు తోచింది ఇది. మెదడు శబ్దాన్ని వట్టిగా అందుకోదు, ఏం వినబోతున్నామో ముందే ఊహించుకుని దానితో సరిచూసుకుంటుంది. 2017లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు. ఒక బొమ్మనీ ఒక సన్నని ధ్వనినీ పదే పదే కలిపి చూపించి, తర్వాత బొమ్మ మాత్రం చూపించారు. లేని ధ్వని వినపడిందన్నవాళ్లలో, అంతకుముందే గొంతులు వినే అలవాటున్నవాళ్లు ఎక్కువ. ఊహ బరువు చెవి బరువుని మించిపోతోంది. ఎడతెగని మోతలో చెవికి పట్టు దొరకదు, ఊహకి జాగా దొరుకుతుంది. దానికి తోడు నెలల తరబడి రాత్రి నిద్ర లేదు. ఒంటరి గట్టు. ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం ముందునుంచే ఉంది. పేపరు పైకి చదవడం ఎందుకు పనిచేసిందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. నోరు, నాలుక ఒక పనిలో ఉంటే లోపలి మాటకి దారి ఉండదు. నోరు బాగా తెరిచి ఉంచితే కొందరికి గొంతులు ఆగిపోతాయని 1987లోనే ఒక పరిశోధన వచ్చింది. తర్వాత అందరికీ అలా పనిచేయలేదు. ఈ కుర్రాడికి పనిచేసింది, నాకది చాలు.

ఫిల్ము కవరు

ఇక తండ్రి ప్రశ్న. రిపోర్టులో నిజానికి "ఏమీ లేదు" అని లేదు. మెదడులో నీటి గదులు, అంటే లాటరల్ వెంట్రికల్స్, కాస్త పెద్దవిగా ఉన్నాయని, వయసుకి హద్దులోనే ఉన్నాయని ఒక లైను రాశారు. ఆ లైను కింద పెద్దకొడుకు పెన్నుతో గీత గీశాడు. ఫోనులో వెతికితే ఆ మాటకీ స్కిజోఫ్రీనియాకీ సంబంధం ఉందని వచ్చిందట. "అంటే దొరికినట్టేగా?" అని వాళ్ల ఆశ.

వెతికితే అలా రావడంలో వింత లేదు. 1976లో ఇంగ్లండులో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం సీటీ స్కానుతో చూపించిన విషయమే అది. చాలాకాలంగా జబ్బున్నవాళ్లలో ఆ నీటి గదులు పెద్దవై ఉన్నాయి. అప్పటిదాకా పెంపకం తప్పనీ, తల్లి తప్పనీ సిద్ధాంతాలు నడిచేవి. ఆ స్కానులొచ్చాక చర్చ మెదడు వైపు మళ్లింది. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2,028 మంది రోగుల ఎమ్మారైలనీ, 2,540 మంది ఆరోగ్యవంతులవీ పోల్చింది. రోగుల్లో మెదడు లోపలి భాగాలైన హిప్పోకాంపస్, అమిగ్డలా, థాలమస్ సగటున చిన్నవి, నీటి గదులు సగటున పెద్దవి. ఇంకో పెద్ద పోలికలో మెదడు పైపొర కూడా సగటున పలచగా తేలింది, ముఖ్యంగా ముందుభాగంలో, కణతల లోపల.

చిక్కంతా ఆ "సగటున" అనే మాటలో ఉంది. తండ్రికి కొబ్బరికాయలతో చెప్పాను. "మీ తోట కాయ, పక్క తోట కాయ వెయ్యేసి చొప్పున తూస్తే పక్క తోట కాయ సగటున కాస్త తక్కువ తూగిందనుకోండి. ఇప్పుడు రెండు రాశులూ కలిపేసి అందులోంచి ఒక్క కాయ తీసి మీ చేతికిస్తే, ఏ తోటదో చెప్పగలరా?" ఆయన నవ్వి, "దింపు తీసినోడు కూడా చెప్పలేడండి" అన్నాడు. నీటి గదుల విషయంలో ఆ రెండు రాశులు సుమారు నూటికి ఎనభై అయిదు పాళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. హిప్పోకాంపస్ విషయంలోనూ ఎనభై పైమాటే. వేలమంది లెక్కలో నిజమైనది ఒక్క మనిషి ఫిల్ములో సాక్ష్యంగా నిలబడదు. అలాగని ఫిల్ము మామూలుగా ఉంటే జబ్బు లేదనీ కాదు. ఎమ్మారైలో నేను చూసేది గడ్డ ఉందా, పురుగు తిత్తి ఉందా, పాత దెబ్బ ఉందా అని. అవి లేవు. ఆ పని అక్కడితో అయిపోయింది. జబ్బు పేరు నిర్ణయించింది గట్టు మీది ఆ రాత్రి, మేత సంచులు, ఫ్యాను, ఏడాది పైబడిన చరిత్ర.

(పెద్ద ఫీజు పెట్టి తీయించిన ఫిల్మును డాక్టరు పట్టించుకోకపోతే ఇంటివాళ్లకి మనసు నొచ్చుకుంటుంది. అందుకని లైట్‌బాక్సు మీద పెట్టి, ఏది ఏమిటో వేలుపెట్టి చూపిస్తాను. ఆ కాసేపటి చూపులో వాళ్లకి కుదిరే నమ్మకం వేరు.)

గండి

మందు మొదలుపెట్టేముందు డోపమైన్ అనే మెదడు రసాయనం సంగతి చెప్పాలి. మెదడు లోపలి భాగమైన స్ట్రయేటమ్‌లో డోపమైన్ అవసరానికి మించి తయారై విడుదలవుతుంది. ఏది ముఖ్యం, దేన్ని పట్టించుకోవాలి అని గుర్తుపెట్టే పదార్థాల్లో అదొకటి. మోతాదు మించితే పనికిరాని వస్తువుకి కూడా "ఇది నీకోసమే" అన్న ముద్ర పడుతుంది. మేత బస్తా మీద బ్యాచ్ నంబరు అలాంటిదే. 2003లో శితిజ్ కపూర్ అనే మానసిక వైద్యుడు ఈ వివరణ రాశాక నాలాంటివాళ్లకి ఇంటివాళ్లతో మాట్లాడటం చాలా తేలికైంది. అదే సమయంలో నుదుటి వెనక ఉండే ముందుభాగంలో డోపమైన్ పని తక్కువగా ఉంటుందని, చొరవ, ఉత్సాహం అక్కడే తగ్గుతాయని చెబుతారు.

ఇది వినగానే తండ్రి అన్నాడు: "ఆయ్, అర్థమైందండి. ఎగువన కాలవకి గండిపడి చేలు మునిగిపోతన్నాయి. శివారుకేమో నీళ్లందట్లేదు. అంతేనాండి?"

అంతే. ఆ పోలికని ఆ రోజునుంచి నేనే వాడుకుంటున్నాను. కాకపోతే మేం పాత పుస్తకాల్లో చదువుకున్న చోట ఆ గండి లేదు. భావోద్వేగాలకి సంబంధించిన లింబిక్ భాగంలో ఉందని చదివాం. మెదడులో రసాయనాల పనిని చూపే పెట్ స్కానుల్లో చూస్తే ఎక్కువగా, ఆలోచనని కలిపే అసోసియేటివ్ స్ట్రయేటమ్‌లో కనపడింది. పక్క కాలవన్నమాట. ఇంకోటి, మన మాత్రలు గండి పూడ్చవు. పొలం తూము మూస్తాయి, అంటే డోపమైన్ అందుకునే డీ2 రిసెప్టర్లని కప్పుతాయి. వరద కాలవలో అలాగే ఉంటుంది.

అలాంటి మాత్ర రిస్పెరిడోన్ 2 మి.గ్రా.తో మొదలుపెట్టి, పది రోజులకి 4 చేశాను. మూడో వారానికి గొంతులు "పక్కింట్లో రేడియో" స్థాయికి తగ్గాయి. ఆరో వారానికి ఏరియేటర్ మోత మోతే అయింది. సంచులు తనే కాల్చేశాడు.

నా తప్పు

గొంతులు పోయాక ఇంటివాళ్లకి కొత్త ఫిర్యాదు వచ్చింది. మంచం దిగడు, మాట్లాడడు, అడిగితే ఒక ముక్క జవాబు. "పిచ్చి పోయి బద్ధకం పట్టుకుందండి" అన్నాడు తండ్రి. జబ్బు పూర్తిగా లొంగలేదనుకుని నేను మందు 6 చేశాను, నెలకి 8 చేశాను. మొదటిసారి జబ్బుపడ్డ కుర్రాడికి ఆ మోతాదు ఎక్కువ. నాకది తెలుసు. ఇంటివాళ్ల ఒత్తిడి, నా ఆతృత కలిసి రాయించాయి.

సంక్రాంతి వెళ్లిన వారం వచ్చారు. తల్లి చెప్పింది: పందాల బరి దగ్గరకి తీసుకెళ్తే బొమ్మలా నిలబడ్డాడట, తలగడ మీద చొంగ మరకలట. "నడుస్తుంటే చేతులు ఊగట్లేదండి." నేను గుమ్మం నుంచి కుర్చీ దాకా నడవమన్నాను. నిజమే, రెండు చేతులూ ఒంటికి అతికించినట్టున్నాయి. మణికట్టు పట్టుకుని తిప్పితే పళ్లచక్రం తిప్పినట్టు కటకటమంటూ ఆగి ఆగి తిరిగింది. మేత పుస్తకం తెప్పించి చూశాను. కార్తీకంలో రాసిన అంకెలు పెద్దవి, పుష్యంలోవి ఆవగింజల్లా ఉన్నాయి. నేను జబ్బు లక్షణమనుకున్నదాంట్లో చాలా భాగం నా మందే.

పెట్ స్కానులతో తేలిన లెక్క ఒకటుంది. డీ2 రిసెప్టర్లలో సుమారు 65 శాతం కప్పబడితే గొంతులు తగ్గడం మొదలవుతుంది, 80 దాటితే ఒళ్లు బిగుసుకుంటుంది. రిస్పెరిడోన్ 6 మి.గ్రా. దాటాక చాలామంది ఆ హద్దు దాటతారు. తండ్రి భాషలో చెప్పాలంటే, మునిగే చేను తూము మూయబోయి పక్కన నారుమడి తూము కూడా మూసేశాను. ఆ మాట ఆయనతో అలాగే చెప్పి, తప్పు నాదన్నాను. ఆయనేమీ అనలేదు. తల్లి మాత్రం "ముందే అడుగుదామనుకున్నానండి, డాక్టరుగారు కదా అని ఊరుకున్నాను" అంది. ఆవిడ పండగ ముందే గమనించిందట.

వారాల మీద మెల్లగా 4కి, ఏప్రిల్‌కి 3కి తగ్గించాను. బిగుతు వదిలింది. అక్షరం పెద్దదైంది. బిగుతు తగ్గడానికి కొద్దికాలం ట్రైహెక్సిఫెనిడిల్ ఇచ్చి ఆపేశాను. అది ఎక్కువకాలం వాడితే జ్ఞాపకశక్తిని తినేస్తుంది.

వరద

జులైలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, 13 లక్షల క్యూసెక్కులు. కాజ్‌వే మునిగింది, పంటు ఆపేశారు, లంక తొమ్మిది రోజులు తెగిపోయింది. వాళ్ల దగ్గర మాత్రలు మూడు రోజులకే ఉన్నాయి. ఎనిమిదో రోజున కుర్రాడికి గొంతులు తిరిగొచ్చాయి. చెరువుల మీద కరెంటు లేదు, ఏరియేటర్లు తిరగడం లేదు. వచ్చింది రేకుల మీద వాన చప్పుడులో, తర్వాత సామాన్లు తెచ్చిన పడవ ఇంజను మోతలో.

ఈసారి అతను భయపడలేదు. అమ్మకి చెప్పాడు. పడవ ఉన్నంతసేపూ పాత టెంత్ క్లాసు పద్యాలు పైకి చదివాడట. పడవలో వాళ్లు వింతగా చూశారని తల్లి నవ్వుతూ చెప్పింది. నీళ్లు తీశాక మాత్రలు మళ్లీ మొదలైతే పది రోజుల్లో సర్దుకుంది.

గండి ఎక్కడికీ పోలేదని తండ్రికి అప్పుడు అర్థమైంది. అంతకుముందు ప్రతిసారీ "ఇంకెన్నాళ్లండి మాత్రలు?" అని అడిగేవాడు. ఆ తర్వాత అడగలేదు. ఇప్పుడు జూన్ రాగానే రెండు నెలలకి సరిపడా మాత్రలు రాసిస్తున్నాను. లంకల్లో ఉన్న నా రోగులందరికీ ఇదే పద్ధతి పెట్టాను. ముందే పెట్టాల్సింది. నెలకో ఇంజెక్షన్ గురించి కూడా మాట్లాడాం. వరదలో సూదికీ అదే పంటు దాటాలి కదా అన్నాడు కుర్రాడు. నాకు జవాబు తోచలేదు.

పులస

మందు తగ్గించాక కూడా కొంత మాంద్యం మిగిలింది. ఇది మందుది కాదు, జబ్బుది. 1974లోనే స్వీడన్‌లో ఇంగ్వార్, ఫ్రాన్జెన్ ఇలాంటివాళ్ల మెదడు ముందుభాగానికి రక్త ప్రసరణ తక్కువగా ఉందని చూపించారు. 2006లో బెర్లిన్ బృందం చూపించింది నాకింకా దగ్గరగా అనిపిస్తుంది. డబ్బు గెలవబోతున్నావు అన్న సూచన కనపడగానే మామూలు మనిషిలో స్ట్రయేటమ్ కింది భాగం చురుకవుతుంది. అప్పటికి మందులేవీ వాడని స్కిజోఫ్రీనియా రోగుల్లో అక్కడ స్పందన తగ్గింది. ఎదురుచూపు తాలూకు ఉత్సాహం అక్కడ పుట్టాలి.

దీన్ని తల్లికి ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఆవిడే చెప్పింది. వరద నీళ్లతో పాటు పులస వచ్చింది. తండ్రి పోటీపడి ఒకటి కొన్నాడు. "రేపు పులస పులుసురా" అంటే కుర్రాడు సరే అనైనా అనలేదట. ఆవిడకి ఏడుపొచ్చింది. మర్నాడు కంచంలో పడ్డాక ముల్లు ముల్లూ తీసుకుని తిని, ఇంకో ముక్క అడిగాడట.

"అంటే వాడికి రుచి తెలుస్తోందమ్మా. తినబోతున్నానన్న సంబరమే రావడం లేదు. అది వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత పని చెబుదామంటే కుదరదు. పని ముందు పెట్టెయ్యండి, సంబరం వెనక వస్తే వస్తుంది" అన్నాను. ఉత్సాహం ఉందా అని అడగడం మానేసి, రోజూ ఒకే వేళకి ఒకే పని పెట్టారు. పొద్దున్న చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూడటం, సాయంత్రం డీవో రాయడం. రాత్రి కాపలా మేనత్త కొడుకుకి అప్పజెప్పారు. ఇందులో గొప్ప వైద్యమేమీ లేదు, పైగా మెల్లగా సాగుతుంది. మొదటి నెలలో సగం రోజులు ట్రే ఎత్తలేదు. నాలుగో నెలకి నాగాలు నెలకి ఐదారు.

కార్తీకంలో మళ్లీ వచ్చారు, మొదటిసారి వచ్చి ఏడాదైంది. కుర్రాడు డీవో పుస్తకం తనంతట తనే తెచ్చాడు. అంకెలు పాత సైజుకొచ్చాయి. కొన్ని తేదీల పక్కన చిన్న టిక్కులున్నాయి. ఏంటివి అంటే, "ఆ రోజు వచ్చారు సార్. కాసేపే. ఏమంటున్నారో సరిగా వినపడలా" అన్నాడు. నెలలో మూడు టిక్కులు. బరువు నాలుగు కేజీలు పెరిగాడు, అది చూడాలి.

"మళ్లీ ఓసారి స్కాను తీయించమంటారాండి?" అని తండ్రి అడిగాడు. అక్కర్లేదన్నాను. నా బీరువాలో ఉండిపోయిన పాత ఫిల్ముల కవరు ఆయనకిచ్చేశాను. యూరియా సంచి ఈసారి తేలేదు, చంకలో పెట్టుకుని వెళ్లాడు. రిస్పెరిడోన్ 3 మి.గ్రా. అలాగే రాసి, షుగరు పరీక్షకి సంక్రాంతి వారం కాకుండా ఆ తర్వాతి వారం రమ్మన్నాను.